పీకేసిన ప్లగ్గు

బావగారి రేడియో సామాన్ల కొట్టు మెట్లు ఎక్కనని ఆమె పెళ్ళైన మొదటి ఏడే ఒట్టు పెట్టుకుంది. ఆరేళ్ళపాటు నిలబెట్టుకుంది కూడా. చివరికి రెండు గాజు వాల్వుల కోసం ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాల్సి వచ్చింది.

ఆమె కాటాల మెకానిక్. బంగారం తూచే చిన్న కాటా నుంచి సిమెంటు బస్తాలు తూచే పెద్ద కాటా దాకా ఏది మొరాయించినా ఆమె బల్ల మీదికే వస్తుంది. పొద్దంతా వాటి కీచు కూతలు వినీ వినీ సాయంత్రం ఇంటికి చేరితే, అక్కడ బావగారి గొంతు. ఒకే ఇంటిని అడ్డగోడ కట్టి అన్నదమ్ములిద్దరూ పంచుకున్నారు. ఆ గోడ ఇటుకలతో కట్టారో అట్టముక్కలతో కట్టారో గానీ, అవతల బావగారు దగ్గితే ఇవతల ఈమె ఉలిక్కిపడేది. ఆయన మామూలుగా మాట్లాడటం ఎవరూ వినలేదు. టీవీతో పోటీపడి అరుస్తాడు, భార్య మీద అరుస్తాడు, ఏమీ దొరక్కపోతే తలుపు గడియ మీద అరుస్తాడు. మధ్యమధ్యలో గోడకేసి తిరిగి, ‘ఉద్యోగం చేసే కోడలు’ గురించి అందరికీ వినబడేట్టు ఓ మాట విసిరేవాడు.

ఒకసారి కాటా బాగుచేయడానికి వెళ్ళిన ఇంట్లో ఓ ముసలాయన, పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులతో తన చేత్తో కట్టుకున్న యాంప్లిఫయర్‌కి హెడ్‌ఫోన్ తగిలించి ఆమె చెవులకి పెట్టాడు. పాడే మనిషి చరణానికి ముందు ఊపిరి తీసుకోవడం వినిపించింది. ఇంకేమీ వినిపించలేదు. ఆ ‘ఇంకేమీ వినిపించకపోవడం’ ఆమెకి పాటకన్నా ఎక్కువగా నచ్చింది. సర్క్యూటు బొమ్మ తన నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంది.

“ఇందులో మూడువందల వోల్టులు తిరుగుతాయి తల్లీ,” అన్నాడు ముసలాయన. “ఆపేశాక కూడా కండెన్సర్లు కరెంటుని పట్టుకునే ఉంటాయి. లోపల వేలు పెట్టేటప్పుడు రెండో చెయ్యి వీపు వెనక పెట్టుకో. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుంది.”

అలాంటిదే కట్టుకోవాలని మూడు నెలలు సామాన్లు పోగుచేసింది. పనికిరాదని పక్కన పడేసిన కాటా తాలూకు స్టీలు డబ్బాని ఒళ్ళుగా చేసుకుంది. ట్రాన్స్‌ఫార్మర్‌ని పాత సామాన్ల గుట్టలో తవ్వి తీసి, తుప్పు గీకి, రంగు వేసింది. వాల్వులు మాత్రం ఊరు మొత్తం మీద ఒక్క బావగారి కొట్లోనే ఉన్నాయి.

ఆయన కళ్ళజోడు ముక్కు చివరికి దించి ఆమె రాసుకొచ్చిన చీటీ చదివాడు. కొట్లో నలుగురు గిరాకీలున్నారు.

“చెవిలో పెట్టుకునేదానికి ఇంత సరంజామానా అమ్మాయ్? లారీ ఇంజనేమైనా బిగిస్తున్నావా?” అన్నాడు. నలుగురూ నవ్వారు. చివరి వస్తువు దగ్గర ఆయన పెన్ను ఆగింది. “ఈ రెసిస్టరెందుకు? కండెన్సర్లో మిగిలిన కరెంటు తాగడానికా? అది వాల్వులే తాగేస్తాయి. పుస్తకాలు చూసి కట్టేవాళ్ళకి ఈ భయాలన్నీ ఉంటాయి.” అని దాన్ని అడ్డంగా కొట్టేశాడు.

కావాల్సిందేనని చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. ఆ కొట్లో ఇంకో నిమిషం నిలబడటం ఒంటికి కారం రాసుకున్నట్టుంది. ఇంకోచోట కొనుక్కోవచ్చులే అనుకుని వాల్వులు తీసుకుని దిగిపోయింది.

యాంప్లిఫయర్ కుడిచెవిలో పలికింది. ఎడమచెవిలో మూలిగింది. మీటరు పెట్టి చూస్తే రెండో వాల్వు సగం కరెంటు కూడా లాగడంలేదు. ఊడదీసి వెలుతురులో పట్టుకుంది. లోపల, గాజు నెత్తిన అద్దంలా మెరవాల్సిన పూత అంచుల్లో గోధుమరంగుకి తిరిగి ఉంది. కింద సాకెట్లో దిగే లోహపు కాళ్ళ మీద పాత గీతలు. ఎక్కడో ఏళ్ళ తరబడి అరిగి వచ్చినదాన్ని కొత్త అట్టపెట్టెలో పెట్టి అంటగట్టాడు.

మర్నాడు కొట్టు నిండా జనం ఉన్నప్పుడే వెళ్ళింది.

“బావగారూ, ఇది వాడి పారేసిన వాల్వు.”

“నా కొట్లో వాడింది అమ్మను.”

“ఈ కాళ్ళు చూడండి. మీరైనా చూడండి,” అని పక్కనున్న గిరాకీ చేతిలో పెట్టింది. అతను అటూ ఇటూ తిప్పి చూసి, బల్లమీద పెట్టి, తను కొనబోతున్న వస్తువుని కూడా వదిలేసి వెళ్ళిపోయాడు. బావగారి మొహం కందగడ్డయింది. ఆమె వాల్వు తీసుకుని వచ్చేసింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆమె వాల్వులు రెండూ పీకేసి, యాంప్లిఫయర్‌ని బోర్లించి, ఉట్టి డబ్బాకే కరెంటు ఇచ్చి కొలుస్తోంది. తాగే వాల్వులు లేవు, రెసిస్టరు ఇంకా కొననేలేదు, కండెన్సర్ల మీద వోల్టేజి మూడువందల నలభైకి ఎక్కి కూర్చుంది. ప్లగ్గు పీకింది. అప్పుడే బావగారు తలుపు తోసుకుని వచ్చాడు. ఆయన వెనకాలే ఆమె భర్త, “అన్నయ్యా, కూర్చుని మాట్లాడుకుందాం” అంటూ.

“నీ పనితనం చూద్దామని వచ్చాను. వాల్వు బంగారంలా ఉంది. నీ వైర్లే చెత్త. పదిమందిలో నా పరువు తీస్తావా? ప్లగ్గు పీకేశావా?”

“పీకేశాను,” అంది.

అది అబద్ధం కాదు. ఆయన ఎడమచెయ్యి డబ్బా అంచు మీద ఆన్చాడు. కుడిచెయ్యి వేలు చాచి, వైరు వెంబడి చూపిస్తూ లోపలికి పోనిచ్చాడు. ‘ఆగండి’ అనేంత వ్యవధి ఉంది. ఆ మాట ఆమె గొంతు దాకా వచ్చింది కూడా. ఆరేళ్ళుగా గోడ దాటి వచ్చిన మాటలన్నీ దానికి అడ్డం నిలబడ్డాయి. ఆమె పెదవులు కదల్లేదు.

ఠప్‌మని చప్పుడైంది. బావగారు వెనక్కి విసురుగా వెళ్ళి, మోచెయ్యి బీరువా అంచుకి కొట్టుకుని, నేలమీద కూలబడ్డాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ చూపు లేదు. భర్త అరుస్తున్నాడు. ఆమె పరుగున వెళ్ళి ఆయన ఛాతీమీద చెయ్యి వేసింది. లోపల గుండె గాభరాగా, లెక్కతప్పి కొట్టుకుంటోంది. కొట్టుకుంటోంది, అంతే చాలు అనుకుంది.

ఆస్పత్రిలో ఒక రోజు ఉంచి, గుండెకి ప్రమాదం లేదన్నారు. మోచెయ్యి విరిగింది. వేలి చివర తెల్లగా కాలింది. తోడికోడలు వరండాలో అందరిముందూ ఆమె మీద పడింది.

“మా ఆయన్ని చంపడానికే వల పన్నావే! నీ కడుపు చల్లబడిందా?”

భర్త అడ్డం వచ్చాడు. “వదినా, ప్లగ్గు పీకే ఉంది. నా కళ్ళతో చూశాను. ఇందులో దీని తప్పేమీ లేదు.”

ఆ మాటని ఇంట్లో అందరూ నమ్మడం మొదలుపెట్టారు. ఆమెకి మాత్రం అది మింగుడుపడలేదు. ఊరవతల కొట్లో ఆ రెసిస్టర్ కొనుక్కొచ్చి బిగించింది. ప్లగ్గు పీకాక మీటరు ముల్లు మెల్లగా సున్నాకి దిగిపోవడం చూసింది. పది రోజులు అన్నం సయించలేదు. పదకొండో రోజు పొద్దున భర్త గడ్డం గీసుకుంటుంటే అద్దంలో ఆయన కళ్ళలోకి చూసి చెప్పేసింది.

“ఆపి ఉండొచ్చు. ఆపలేదు.”

ఆయన చెయ్యి గాల్లో ఆగిపోయింది. “కంగారులో తోచలేదేమో,” అన్నాడు.

“తోచింది.”

ఆయన సగం గడ్డంతోనే అవతలి గదిలోకి వెళ్ళిపోయాడు.

అటునుంచి ఆమె నేరుగా బావగారి కొట్టుకి వెళ్ళింది. చేతికి కట్టుతో కూర్చుని ఉన్నాడు. గిరాకీలు లేరు. నిలబడే చెప్పింది, అదే రెండు ముక్కలు.

అరుస్తాడనుకుంది. ఆ మనిషి నోట్లోంచి మొదటిసారి గుసగుస వచ్చింది.

“ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా?”

“మీ తమ్ముడికి చెప్పాను.”

“ఎందుకు చెప్పావు! ముప్పై ఏళ్ళు ఈ సామానే అమ్మి, ఓ ఆడపిల్ల ఊరుకుంటే కండెన్సర్లో వేలు పెట్టాడని నలుగురూ చెప్పుకోవాలా? మిషను పాడై షాకు కొట్టిందంటే పోయేదిగా!”

తనని చావనిచ్చేదన్న కోపం ఆయనకి లేదు. ఆమెకి నవ్వొచ్చింది, అసహ్యమూ వేసింది. నవ్వడానికీ అసహ్యించుకోవడానికీ తనకి అర్హత లేదని కూడా అనిపించింది.

“తప్పు నాదే బావగారూ. దానికి క్షమించమని అడగడానికి వచ్చాను. పాత వాల్వు అంటగట్టినందుకు మాత్రం మిమ్మల్ని క్షమించడంలేదు.”

“దిగు,” అన్నాడు ఆయన. ఆ తర్వాత పాత గొంతు తిరిగొచ్చింది. “దిగు నా కొట్టు! మళ్ళీ ఈ మెట్టు తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతాను!”

వీధి చివరి దాకా ఆ కేక వినిపించింది.

పాడైనదాని బదులు మంచి వాల్వు ఆ ముసలాయనే ఇచ్చాడు, తన దగ్గరున్న మిగులు జతలోంచి. ఏం జరిగిందో అంతా విన్నాక ఆయన ఊరడించలేదు. వాల్వుని గుడ్డలో చుడుతూ, “నువ్వు చేసింది మంచిపని కాదు,” అన్నాడు. ఆ ఒక్కమాటకి ఆమెకి ఎంతో తెరిపిగా అనిపించింది.

ఇప్పుడు రెండు చెవులూ పలుకుతున్నాయి. సాయంత్రాలు ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుని గంటసేపు కూర్చుంటుంది. గోడవతల అరుపులకి లోటేమీ లేదు. ఇవతలే మాటలు తగ్గాయి. ఒకరోజు భర్త వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. ఆమె హెడ్‌ఫోన్ తీసి ఆయనకి అందించింది. ఆయన చెయ్యి చాచి, మధ్యలో ఆపాడు.

“పట్టుకోవచ్చా?” అని అడిగాడు.

వేళాకోళమేమోనని ఆమె ఆయన మొహంలోకి చూసింది. కాదు. జవాబు కోసం నిజంగానే ఎదురుచూస్తున్నాడు.

“పట్టుకోవచ్చు,” అంది.