మొక్కు వెంట్రుకల ఎర

శుక్రవారం ఉదయం 5:40కి దేవయ్య చెరువులో థర్మామీటరు ముంచి పైకి తీశాడు. పదహారు డిగ్రీలు. కాపలా గది గోడకు వేలాడే నోటుబుక్కులో అంకె వేసి సంతకం పెట్టాడు. నవంబర్‌లో ఒమన్‌లోని ఇబ్రి ఊరి మీది కొండల్లో పొద్దుటి పూట చలి మొదలవుతుంది. వేసవంతా లోతున దాక్కున్న ట్రౌట్ చేపలు అప్పుడు పైకొచ్చి, నీటి మీద వాలే పురుగుల్ని తింటాయి. వాటి కోసమే దేవయ్య యజమాని, అర్బాబ్ సాలెం, రెండు కొండల నడుమ ఊటనీళ్లకు కట్ట కట్టించాడు, చేపపిల్లల్ని ఐసుపెట్టెల్లో విమానం మీద తెప్పించాడు. ఆరేళ్లుగా ఆ చెరువు కాపలా దేవయ్య డ్యూటీ.

పుస్తకం మూసి, కట్ట అంచున మోకాళ్ల మీద కూర్చుని నీళ్లలోకి చూశాడు. చాలా చేపలు కనిపించాయి. అతను వెతికే చేప లేదు.

ఫోన్ మోగింది. సిరిసిల్ల ఆసుపత్రి వరండాలోంచి భార్య సత్తవ్వ.

"చేప కనవడ్డదా?"

"ఇంకా లేదు. అడుగుకు పోయినట్టున్నది."

"ఇక్కడ రాత్రి సంది నొప్పులు. బిడ్డ కదుల్తలేదంటున్నది సుమలత. డాక్టరమ్మ సుత అడిగింది, మీ ఆయన చేపను చూసిండా లేదా అని."

"మేత ఏసిన. వస్తది."

"వస్తది వస్తది అని కూసోకు. చూడయ్యా."

సుమలత వాళ్ల ఒక్కగానొక్క కూతురు. రెండుసార్లు బిడ్డలు ఆమె కడుపులోనే పోయారు. మూడోసారి నెల తప్పిందని తెలిసినప్పుడు దేవయ్య వేములవాడ రాజన్నకు మొక్కుకున్నాడు. బిడ్డ క్షేమంగా నేల మీద పడేదాకా తలకు గానీ గడ్డానికి గానీ కత్తి తగలనివ్వను, తర్వాత అంతా నీకే అని. ఇప్పుడు జుట్టు మెడ దాటింది. నెరిసిన గడ్డం ఎండకు ఎర్రబారి ఛాతీ మీద పడుతోంది.

అర్బాబ్ తన గాలపు ఎరలు తానే కట్టుకుంటాడు. చిన్న కొక్కేనికి ఈకలు, కుందేలు బొచ్చు దారంతో చుట్టి పురుగులా తయారు చేస్తాడు. సన్నని గాలపు కర్ర పట్టుకొని, బరువైన దారాన్ని వెనక్కీ ముందుకీ విసిరి, ఆ పురుగును నీటి మీద తనంతట తానే వాలినట్టు దించుతాడు. పడిన చేపను మళ్లీ వదిలేస్తాడు. అక్టోబర్‌లో ఒక రోజు, దేవయ్య గడ్డం అచ్చం ఈ కాలపు పురుగు రంగులో ఉందని మెచ్చుకుంటూ, అడక్కుండానే చిటికెడు కత్తిరించుకున్నాడు. అర్బాబ్ చెయ్యి పట్టుకొని ఆపడం దేవయ్యకు చేతకాలేదు. ఆ వెంట్రుకలతో కట్టిన ఎర ఒక పెద్ద చేప దవడలో దిగింది. చేప దారం తెంపుకొని పోయింది. అదే నిమిషంలో సిరిసిల్లలో సుమలత, కడుపులో సూది గుచ్చుకున్నట్టయిందని చేతిలో బిందె కింద పెట్టేసింది.

అప్పటినుంచి ఇక్కడ చేప పైకొస్తే అక్కడ బిడ్డ కదులుతుంది. అడుగుకు పోతే కదలదు. ఊళ్లో ఆశా కార్యకర్త సుమలత కార్డులో రక్తపోటు కింద చేప కోసం ఒక గడి గీసింది. డ్రైవర్ వజీర్ అరబ్బీలో సంగతి చెప్పినప్పుడు అర్బాబ్ నొచ్చుకున్నాడు. ఎప్పుడు పడినా ఎర తీసి ఇస్తానన్నాడు. దేవయ్యకు మాత్రం భయం తగ్గలేదు. ఎర తీయాలంటే చేపను పట్టాలి. పడితే అది నీళ్లు వదిలి బయటికి రావాలి.

6:15కి బండి వచ్చింది. అర్బాబ్‌తో పాటు మజహర్ సేట్ దిగాడు. మస్కట్‌లో బిల్డింగులు కట్టించే హైదరాబాదీ, గాలం పట్టడం ఇదే మొదలు. అర్బాబ్ అతనికి విసరడం నేర్పి, తాను అవతలి ఒడ్డుకు వెళ్లాడు.

"ఏంది దేవయ్యా, అట్లా బిగుసుకుపోయినావు?" అన్నాడు వజీర్. అతనిది కడప. "నీ గడ్డం జూసి చేపలు బెదిరిపోతాండాయి. అంత దూరంగా నిలబడు."

"నొప్పులు మొదలైనయ్, వజీర్ భాయ్."

వజీర్ నవ్వు ఆగిపోయింది. "యా అల్లా. చేప కనపడిందా మరి?"

దేవయ్య తల అడ్డంగా ఊపాడు.

6:48కి సేట్ కర్ర వంగింది. "అరే! పడింది రా, పడింది!"

దేవయ్య వలబుట్ట పట్టుకొని మోకాలి లోతుకు దిగాడు. నీళ్లలో వెండిలా ఒక పక్క మెరిసింది. దవడ దగ్గర ఎర్రటి వెంట్రుకల కుచ్చు.  అతను వలబుట్టను దాని కిందికి చాచాడు. అంతలో సేట్ చేపను రెండు చేతుల్లోకి ఎత్తేశాడు.

"వజీర్! ఫోటో తీయ్. మొహం రావాలె."

"సేట్, నీళ్లలో పెట్టండి. అది దేవయ్య చేప."

"దేవయ్యది ఎట్లయితది? నేను పట్టిన. ఆగు, టోపీ సరిజేసుకోనీ."

రెప్ప లేని చేప కన్ను ఆకాశాన్ని చూస్తోంది. మొప్పలు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. మళ్లీ తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. అవతలి ఒడ్డు నుంచి అర్బాబ్ చేతులూపుతూ కేకలు వేస్తున్నాడు. దేవయ్య జేబులో ఫోన్ మోగింది.

"గుండె సప్పుడు ఇనవడ్తలేదట," సత్తవ్వ గొంతు. "ఏం జేస్తున్నవయ్యా అక్కడ?"

దేవయ్య ఫోన్ కట్ చేయకుండానే జేబులో పడేసి, తన వెంట్రుకల ఎర పట్టుకొని లాగాడు. రాలేదు. ఇంకోసారి లాగాడు. కొక్కెం ఎముకలో దిగి ఉంది. పట్టుకారు పెట్టెలో ఉంది, పెట్టె బండిలో ఉంది. వెంట్రుకలు దేవుడివి, ఒకటి తక్కువైనా మొక్కు తప్పినట్టే. చేప మొప్పలు ఈసారి తెరుచుకోలేదు.

"హట్, పక్కకు జరుగు!" అన్నాడు సేట్.

ఆరేళ్లలో దేవయ్య ఏ పెద్దమనిషినీ తాకలేదు. ఇప్పుడు సేట్ ఛాతీ మీద భుజం పెట్టి తోశాడు. సేట్ వెల్లకిలా పడ్డాడు, అతని గాలం చేప నోట్లోంచి ఊడొచ్చింది. దేవయ్య చేపను నీళ్లలో రెండు అరచేతుల మధ్య నిలబెట్టి, ఊట వైపు తల తిప్పి, మెల్లగా ముందుకీ వెనక్కీ కదిలించాడు.  ఎంతసేపో తెలియదు. మొప్ప ఒకటి కదిలింది. తర్వాత రెండోది. తోక అతని మణికట్టును కొట్టింది. దవడలో ఎర్రటి కుచ్చుతోనే చేప లోతుకు పోయింది.

"పని తీసేయించకపోతే నా పేరు మజహర్ కాదు," అన్నాడు సేట్, బూట్లలో నీళ్లు వంపుకుంటూ. చెరువు చుట్టూ నడిచొచ్చిన అర్బాబ్ అతనికి తువ్వాలు ఇచ్చాడు.  దేవయ్య ఒడ్డున కూర్చుని ఫోన్ వైపు చూస్తూ ఉండిపోయాడు. దాన్ని చెవికి పెట్టుకునే ధైర్యం రాలేదు. వజీరే తీసుకుని విన్నాడు.

"ఆడపిల్లంట," అన్నాడు. "ఏడస్తాంది. నాకే వినపడతాంది."

అర్బాబ్ దేవయ్యను పనిలోంచి తీయలేదు. మంగళవారం, ఐదో రోజు, సత్తవ్వ ఫోన్లో మిగతాది చెప్పింది. పాప రెండు కిలోల ఆరువందలు ఉంది, పాలు బాగా తాగుతుంది, వేళకు నిద్రపోతుంది. పుట్టినప్పటినుంచి, నిద్రలో కూడా, ఒక్కసారీ రెప్ప వేయలేదు.