మా తమ్ముడు కప్పయిన కథ

కథల్లో రాజకుమారుడు కప్పవుతాడు. మా తమ్ముడు ప్రశాంత్ కూడా అయ్యాడు, కాకపోతే తాళం కప్ప. వాడు ఏ పనీ సరిగ్గా చెయ్యడని నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను.

ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి వాడికి ఘట్‌కేసర్‌లో ఎంట్రన్స్ పరీక్ష. పోయినేడు నిద్రపోయి తప్పించుకున్నాడు. ఈ ఏడు ఒక్కో లెక్కా నేనే కూర్చోబెట్టి నేర్పాను.

మా నాచారం ఇంట్లో పైవాటాలో అద్దెకుండే త్రిపురసుందరి ఆంటీది భీమవరం. మంత్రాలొచ్చు. పొద్దుట్నుంచీ గేటు తాళం కనబడక వెతుక్కుంటోంది. బండి తీస్తూ మావాడు ఊరుకుంటాడా?

"ఏం ఎతుకుతున్నారండీ ఆంటీగారండీ? ఆయ్!" అని ఆమె యాసలో వెక్కిరించాడు.

"వెధవా! కప్పవైపో!" అందావిడ.

ఆమె అనుకున్నది చెరువులో కప్పనే. కానీ బుర్రనిండా గేటు కప్పే ఉందాయె. ఠంగుమని ఇత్తడి తాళం నేలమీద పడింది.

"ఆంటీ, జల్ది మనిషిని జెయ్యుర్రి! రెండింటికి పరీక్షున్నది!" అన్నాను.

"మామూలు కప్పకైతే రాజకుమారి ముద్దు పెట్టాలమ్మా. దీనికేం చెయ్యాలో నాకూ తెలీదు."

అదీ చూద్దామని మా సందు చివర ఇస్త్రీబండి రాజకుమారిని పిలిచాం. ఆమె ముద్దుపెట్టి, "ఉప్పగున్నది" అని వెళ్లిపోయింది.

ఆంటీని కూడా వెంటేసుకుని ఆటో ఎక్కి ఉప్పల్‌లో తాళాలు బాగుచేసే బిక్షపతి మామ దగ్గరికి పరిగెత్తేసరికి ఒంటిగంట. మామ కప్పను తిప్పి చూశాడు.

"చెయ్యి వెట్టాలె బిడ్డా. గీ కప్పకు సరిపోయే తాళం చెయ్యి నా తాన లేదు."

చెయ్యే కదా అని నా చెయ్యి పెట్టాను. రెండు చేతులూ పెట్టి మెలితిప్పాను. ఊహూ. నాకు ఏడుపొచ్చేసింది.

"మా వైపు చెయ్యి అనం, తాళం చెవి అంటాం," అంది ఆంటీ మెల్లగా. "అంటే మళ్లీ నవ్వుతారని చెప్పలేదు. పదకొండేళ్లయింది, నేను నోరు విప్పితే ఈ ఊరు నవ్వని రోజు లేదు."

నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. సిగ్గేసింది.

మంత్రం ఆమెదైనప్పుడు మాటా ఆమెదే పనిచెయ్యాలిగా! "ఆంటీ, మీ చెవి వెట్టుర్రి!" అన్నాను.

ఆమె వంగి తాళానికి చెవి పెట్టింది. లోపల్నుంచి సన్నగా వినబడింది.

"తప్పైంది ఆంటీ. మల్ల ఎక్కిరియ్య."

టక్‌మంది. రెండు చేతులూ నెత్తిమీద ముడేసుకుని మావాడు నిలబడి ఉన్నాడు. ఆ చేతులు విప్పకుండానే ఆటోలో కుక్కి పంపాం. పరీక్ష సెంటర్ గేటు మూస్తుండగా లోపల పడ్డాడట.

సాయంత్రం ఆంటీ మెట్లమీంచి అడిగింది. "ఎలా రాశావురా?"

"బాగనే రాసినండీ," అన్నాడు.

అనగానే వాడి మొహం పాలిపోయింది. "ఒట్టు ఆంటీ, గిది ఎక్కిరింపు గాదు!" అంటూ రెండు చెవులూ పట్టుకున్నాడు.