ఉబ్బిన పలకలు

ఏడాదిలో పది నెలలు మేకలు కూడా లెక్కచేయని ఏరు అది. పైన వానలు దంచితే మాత్రం దాని పొగరు చూడాలి, నేరుగా ఊళ్లోకి వచ్చి కూర్చుంటుంది. అలా రెండుసార్లు, అందరూ వదిన అని పిలిచే వడ్రంగమ్మ దుకాణంలో కూర్చుంది. చేసిపెట్టిన తలుపులన్నీ ఉబ్బి పనికిరాకుండా పోయాయి. ఈసారి కూడా నీళ్లొస్తే దుకాణం అమ్మేద్దామని మరిది తెగేసి చెప్పాడు. భర్త పోయాక పదకొండేళ్లుగా ఉలి పట్టిన చేయి ఆమెది. మనసొప్పకపోయినా సరేనంది.

పైన మళ్లీ వానలు పట్టాయని తెలిసి వీధిలో వాళ్లంతా గుమ్మాల ముందు ఇసుక బస్తాలు పేర్చారు. ఆమె మాత్రం గోడల మీది పెన్సిలు గీతలు చూస్తూ నిలబడింది. వరద వచ్చిన ప్రతిసారీ లోపలా, వీధివైపూ నీళ్లెంత ఎత్తు వచ్చాయో గీసి పెట్టడం ఆమె అలవాటు. వీధివైపు గీత రెండుసార్లూ గడప దాటలేదు. లోపలి గీత మోకాలెత్తున ఉంది. అప్పుడు వెలిగింది బుర్రలో. నీళ్లు వచ్చింది ముందు నుంచి కాదు, ఏటివైపున్న వెనకగోడ అడుగున నీళ్లు పోయే తూము నుంచి, ఎదురెక్కి! వచ్చిన నీళ్లను బయటికి పోనీయకుండా కాపలా కాసింది గుమ్మం ముందు తను వేసిన బస్తాలే. ఇన్నాళ్లూ ఇంత తెలివితక్కువగా ఎలా ఉన్నానా అని తనను తానే తిట్టుకుంది.

బాగా ఎండిన చెక్క పలకలు ఏరి తూముకు అడ్డంగా బిగించింది. పలకకీ పలకకీ మధ్య కాగితం దూరేంత సందు వదిలింది. అది చూసి మరిది తల పట్టుకున్నాడు. వదినకు మతి పోయిందని వీధంతా చెప్పుకొచ్చాడు.

మధ్యాహ్నానికి ఏరు వచ్చింది. సందుల్లోంచి నీళ్లు చిమ్మాయి, నేల తడిసింది. మరిది తలుపుల్ని బల్లల మీదికి ఎక్కించడం మొదలెట్టాడు. ఆమె మాత్రం తూము దగ్గర నుంచి కదల్లేదు. గంట గడిచేసరికి చిమ్మేది కారడమైంది, కారేది చుక్కలైంది. తర్వాత చుక్క కూడా లేదు. తన తలుపుల్ని రెండుసార్లు పాడుచేసిన ఉబ్బే ఈసారి పలకల్ని ఒకదానికొకటి బిగించేసింది. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి.

సాయంత్రానికి ఏరు తోక ముడిచింది. ఇళ్లలోకి నీళ్లొచ్చిన ఇరుగుపొరుగు వాళ్లు తమ తూముల కొలతలు చెప్పడానికి గుమ్మం ముందు వరుస కట్టారు. మరిది తన చెవి మీది పెన్సిలు తీసి, లోపలి గోడ దగ్గర కాసేపు తచ్చాడాడు.

"గీత ఎక్కడ గియ్యాలి వదినా?"

"బయట గియ్యి. లోపలికి రాలేదుగా."

అతను వెళ్లి ఏటివైపు గోడ మీద నడుమెత్తున గీత గీశాడు. తిరిగొచ్చి, అమ్మకం మాటెత్తకుండా, నేల తుడవడానికి గుడ్డ ఎక్కడుందని అడిగాడు.