మూడో నంబరు

నా భార్య సత్తెమ్మ తొమ్మిదేళ్లు నాకు తెలియకుండా ఒక పని చేసింది. అది మోసం. మనిషి చనిపోయినంత మాత్రాన మోసం మోసం కాకుండా పోదు.

ఆమె పోయిన ఐదేళ్లకు, 2008 ఎండాకాలంలో, లాల్‌దర్వాజాలోని మా ఇంట్లో పాత డబ్బా టీవీ కాలిపోయింది. పలచటి కొత్త టీవీ తెచ్చాను. దానికి చోటు చేయడానికి సత్తెమ్మ చీరల పెట్టె జరిపితే బరువుగా తగిలింది. అడుగున దుప్పటిలో చుట్టిన టీవీ గేమ్ ఉంది. తెల్ల డబ్బా, దానిలోనే దిగి ఉన్న పసుపుపచ్చ క్యాసెట్, చేత్తో పట్టుకుని ఆడే బటన్ల పలక. పలక మీది బాణం గుర్తులు అరిగి నున్నగా అయిపోయాయి. అంతగా అరగాలంటే ఏళ్లు పడుతుంది. మాకు పిల్లలు లేరు. నేను ముట్టలేదు. ఇక మిగిలింది ఆమె.

ఆమె తమ్ముడు అంజన్నకు ఫోన్ చేశాను. 1994లో తనే ఇచ్చానని, బావకు చెప్పనని అక్క ఒట్టు వేయించుకుందని ఒప్పుకున్నాడు. ఆడుకునే బొమ్మకు ఒట్టు ఎందుకు? నాతో అబద్ధమాడేంత విలువైనది ఆ డబ్బాలో ఏముంది? అది తేలేదాకా నాకు అన్నం సహించలేదు.

కొత్త టీవీకి తగిలించాను. నీలం తెర తప్ప ఏమీ రాలేదు.

శాలిబండలో టీవీలు బాగుచేసే కైలాసం దగ్గరికి తీసుకుపోయాను. డబ్బాను అటూ ఇటూ తిప్పి, ఈ వయసులో ఎవరి మీదికి యుద్ధానికి పోతున్నవు బాపు, అని నవ్వాడు. క్యాసెట్‌లో ఉన్నది ట్యాంకుల ఆటట. డబ్బా విప్పి, లోపలినుంచి కొత్త తీగ లాగి, టీవీ వెనక పసుపు రంధ్రంలో పెడితే బొమ్మ అద్దంలా వస్తుందన్నాడు. విప్పొద్దన్నాను. ఆమె ఎలా చూసిందో అలాగే చూడాలి. మొండితనానికి మందు లేదని గొణుక్కుంటూ మరునాడు మధ్యాహ్నం ఇంటికి వచ్చాడు.

టీవీ వెనక, గల్లీ కేబుల్ ఇంట్లోకి వచ్చేచోట, నల్ల టేపు చుట్టిన మూడు దారుల జాయింటు ఉంది. పద్నాలుగేళ్లుగా చూస్తున్నాను, కేబులాయన పెట్టాడనుకున్నాను. కైలాసం దాన్ని వేళ్లతో తడిమి, కేబులాయన పని కాదన్నాడు. మల్లెపూలు అల్లినట్టు ఎవరో ఓపికగా చుట్టారన్నాడు. గేమ్ తీగ అందులో సరిగ్గా దిగింది.

టీవీ తనంతట తాను ఛానెళ్లన్నీ వెతికింది. గేమ్ దగ్గర ఆగనే లేదు.

"కొత్త టీవీకి నాజూకెక్కువ బాపు. సిగ్నల్ జర బక్కగ ఉంటే లేనే లేదనుకొని నీలం పరదా వేస్తది. ఆ పరదా మనమే తియ్యాలె."

రిమోట్‌తో ఎక్కడికో లోపలికి వెళ్లి నీలం తెర తీసేశాడు. తెరంతా చీమలు. తర్వాత మూడో నంబరు ఛానెల్ పెట్టి, చేత్తో కొంచెం కొంచెంగా జరిపాడు. చీమలు వంకర్లు తిరిగాయి, గీతలయ్యాయి, ఒక్కసారి నిలబడ్డాయి. ఎర్రటి ఇటుకలు, పసుపుపచ్చ ట్యాంకు. నేను మంచం అంచున కూర్చుండిపోయాను.

కాసేపు ఆడాడు. ట్యాంకులు కాల్చుకోవడం తప్ప అందులో నాకేమీ కనబడలేదు. ఇంకొకటుందని మరో బటన్ నొక్కాడు. తెర నల్లగా ఖాళీ అయింది. ఆట మొదలయ్యే ముందు మనకు నచ్చినట్టు ఇటుకలు పేర్చుకునే చోటట.

అప్పుడే వాకిట్లో చంద్రమ్మ కనబడింది. చేతులకు పిండి, కాళ్లకు చెప్పులు లేవు.

చంద్రమ్మ పక్కింటామె. మా రెండిళ్లకు మధ్య గోడ ఒకటే. 1994లో నల్లా నీళ్ల దగ్గర ఆమె భర్త నన్ను నలుగురిలో అనరాని మాట అన్నాడు. ఆ ఇంటితో మాట కలిపితే బస్సెక్కించి మీ ఊరికి పంపిస్తానని ఆ రోజే సత్తెమ్మకు చెప్పాను. ఆయన చనిపోయినా నా మాట మార్చుకోలేదు.

"మా టీవీల మూడో నంబరుల ట్యాంకులొచ్చినయ్," అంది చంద్రమ్మ. "సత్తెక్క వచ్చిందనుకున్న."

కైలాసం జాయింటు వైపు చూశాడు. గేమ్ బొమ్మ ఆ జాయింటు నుంచి వెనక్కి కేబుల్లోకి పోయి, పక్కింటి టీవీలో తేలుతోందని చెప్పాడు.

గడప అవతలే నిలబడి చంద్రమ్మ మిగతాది చెప్పింది. మొదట ఒకనాడు తన టీవీలో ట్యాంకులు పరుగెత్తాయట. ఇదేం లొల్లి అని గోడ మీద కొట్టిందట. మరునాడు నల్ల తెర మీద ఇటుకలతో ఒక అక్షరం కనబడింది. 'తి'. అది పోయి 'న్నా', అది పోయి 'వా'. తిన్నావా. చంద్రమ్మ గోడ మీద రెండుసార్లు తట్టింది. ఆనాటి నుంచి రోజూ అంతే. జ్వరం, కూర, ఊరి సంగతులు. అవునంటే రెండు దెబ్బలు, కాదంటే ఒకటి.

"ఐదేండ్ల సంది మూడో నంబరు ఎవ్వరినీ మార్చనియ్యలే అన్నా. రోజూ పగటిపూట ఒక్కసారి పెట్టి చూస్తుంటి."

నమ్మలేదు. చూపించమన్నాను. ఆమె చెబుతుంటే కైలాసం పేర్చాడు. ఇటుకలు నలుచదరం, మన అక్షరాలు గుండ్రం. ఆ వంపు దగ్గర ఇటుకను సగం చేసి పెట్టాలని చంద్రమ్మ చెప్పింది. సగం ఇటుక ఉంటుందని కైలాసానికే తెలియదు. పది నిమిషాలకు తెర మీద 'తి' నిలబడింది, గుడితో సహా.

సత్తెమ్మ బడికి పోలేదు. అక్షరాలు నేనే నేర్పాను, పెళ్లయిన కొత్తలో, పలక మీద.

"బంద్ చేస్తే ఇదంత పోతది బాపు," అన్నాడు కైలాసం మెల్లగా. "రోజూ కొత్తగ పేర్చాల్సిందే."

తొమ్మిదేళ్లు. నేను గీసిన గీత ఆమె ఒక్కనాడూ దాటలేదు. చంద్రమ్మతో ఒక్క మాట మాట్లాడలేదు.

చివరికి అడగాల్సింది అడిగాను. నా గురించి ఏం రాసేది?

చంద్రమ్మ చేతుల పిండి నలుపుకుంది. "ఒక్కటే అక్షరం అన్నా. 'వ'."

"అంటే?"

"వచ్చిండు అని. అదొస్తె నేను టీవీ బంద్ చేసేది." మళ్లీ అంది, "అన్నిట్ల అదే మంచిగ కుదిరేది. రోజూ వేసేదాయె."

వాళ్లిద్దరూ వెళ్లిపోయాక తలుపు వేసుకుని పలక పట్టుకున్నాను. పొద్దు వాలేదాకా పేర్చాను. నాకు 'వ' కుదరలేదు.

ఆమె చేసింది మోసమే. అలాంటి పని చేయగల మనిషిని నా జీవితంలో ఇంకొకరిని చూడలేదు. ఈ రెండూ రాశాను. ఇక ఎవరడిగినా ఈ సంగతి మీద నోరు విప్పను.