ఆఖరి పాట అయ్యేదాకా

చక్రపాణి చెవుల్లో నారింజ రంగు ప్లగ్గులు దూర్చుకుని, వాటిమీద దొప్పల్లాంటి మఫ్‌లు బిగించుకుని, వరస చివరి రాక్‌లోంచి చెడిపోయిన సర్వర్‌ని బయటికి లాగుతున్నాడు. ఆ హాల్లో మనిషి సుఖం కోసం చేసినదంటూ ఒక్కటీ లేదు. రాక్‌ల ముందువైపు వణికించే చలి, వెనకవైపు ఉడికించే వేడి, కిటికీల్లేని గోడలు, ఎటు తిరిగినా మిణుకుమిణుకుమనే పచ్చదీపాలు. లెక్కలేనన్ని ఫ్యాన్లు కలిసి చేసే హోరు, చెవులు ఎంత మూసుకున్నా పళ్ళలోంచీ ఎముకల్లోంచీ లోపలికి వచ్చేస్తుంది. అమెరికాలోని ఈ ఆష్‌బర్న్‌లో ఇలాంటి డేటా సెంటర్లు సందుకొకటి ఉన్నాయి. లోకంలో జనం దాచుకునే పెళ్ళి ఫోటోలూ, పంపించుకునే తిట్లూ అన్నీ ఈ పెట్టెల్లోనే ఉంటాయని కూతురు చిన్నప్పుడు అడిగితే చెప్పేవాడు. చెడ్డ పెట్టె తీసి మంచి పెట్టె బిగించడం అతని పని.

పెట్టె సగం బయటికి వచ్చేసరికి రొమ్ము నడిమధ్య ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది.

చక్రపాణి ఆగాడు. నొప్పి ఎడమ భుజం దాకా పాకి, అక్కడ కాసేపు కూర్చుని, దవడ కిందికి ఎక్కింది. చలిగాలికి ఎదురుగా నిలబడి ఉన్నా నుదుటిమీద చెమట పోసింది. పొద్దున తిన్న పెసరట్టు గుర్తొచ్చింది. అల్లం పచ్చడి కాస్త ఎక్కువే వేసుకున్నాడు. యాభై దాటాక కూడా మనవాళ్ళకి ఒంట్లో గుండె అనేదొకటి ఉందని నమ్మకం కుదరదు. రొమ్ములో ఏం జరిగినా అది గ్యాసే. చక్రపాణికి యాభై ఎనిమిది. అరచేత్తో రొమ్ము రాసుకుని, పెట్టెని చక్రాల బల్లమీదికి దించి, కొత్తది ఎక్కించి, నాలుగు మూలలా మరలు బిగించాడు.

అతన్ని చూసి గుర్తు పెట్టుకున్నవాళ్ళు తక్కువ. పొట్టి మనిషి. నడినెత్తి బోడిగా ఉండి చుట్టూ నెరిసిన జుట్టు మిగిలింది. కళ్ళజోడు ముక్కుకి అటూ ఇటూ గుంటలు చేసింది. కంపెనీ ఇచ్చిన జాకెట్ ఒక సైజు పెద్దది, చేతులు రెండు మడతలు పెట్టుకుంటాడు. ఎవరితోనూ పేచీ లేదు, ఎవరితోనూ పెద్ద చనువూ లేదు. ఒక్క వెంకటస్వామి తప్ప.

వెంకటస్వామిది కరీంనగర్. అదే షిఫ్టు, ఇంచుమించు అదే వయసు. బ్రేక్ రూమ్‌లో చక్రపాణిని చూడగానే చేతిలో కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

"ఏందన్నా, మొఖం గట్ల తెల్లవడ్డదేంది?"

"ఏం లేదు స్వామీ. గ్యాస్ పట్టేసినట్టుంది."

వెంకటస్వామి లాకర్ తీసి, స్వెటర్ కిందనుంచి ఈనో పొట్లం లాగాడు. ఆ లాకర్లో అమృతాంజనం నుంచి వాము దాకా దొరకనిది లేదు. పొడి నీళ్ళలో వేయగానే బుసబుసా పొంగింది. చక్రపాణి ఒక్క గుక్కలో తాగేశాడు. కాసేపటికి పెద్ద తేన్పు వచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, పెద్ద గండం గడిచినట్టు నవ్వుకున్నారు.

"పోయింది సూడు," అన్నాడు వెంకటస్వామి. అన్నాడు గానీ కూర్చోలేదు. అతని చూపు చక్రపాణి పెదాలమీదే ఉంది. వాటిలో రంగు లేదు. "అన్నా, పొయ్యేటప్పుడు అర్జెంట్ కేర్ దవాఖానల ఒక్కపారి సూపిచ్చుకో. నీ తొవ్వలనే ఉన్నది గదా."

"అలాగేలే."

"అలాగేలే గాదు. మాటియ్యి."

చక్రపాణి నవ్వి అతని చేతిలో చెయ్యి వేశాడు. ఆ చెయ్యి చల్లగా తడిగా ఉండటం వెంకటస్వామికి నచ్చలేదు. ఇంకేదో అనబోయాడు, ఈలోగా అతన్ని ఎవరో పిలిచారు.

మధ్యాహ్నం నొప్పి మళ్ళీ వచ్చింది. ఈసారి తేన్పులు పనిచేయలేదు. రెండు వరసల మధ్య చక్రాల బల్లమీద కూలబడి, తల రాక్‌కి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అంత హోరులో ఒక మనిషి మూలిగినా పక్కవాడికి వినపడదు. సూపర్‌వైజర్‌తో చెప్పి ముందే వెళ్ళిపోవచ్చు. కానీ చెప్పాలంటే ఇంగ్లీషులో చెప్పాలి. ఎక్కడ, ఎలా, ఎప్పటినుంచి అని వాళ్ళు అడుగుతారు, తను సగమే వింటాడు, మళ్ళీ చెప్పమంటాడు. దానికంటే నొప్పే నయమనిపించింది.

ఇంగ్లీషు రాదని కాదు. కాకినాడలో డిగ్రీ చదివినవాడు. ఈ దేశం వచ్చిన కొత్తలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా మీటింగుల్లో కూర్చునేవాడు. వాళ్ళు గబగబా మాట్లాడేవాళ్ళు. ఒకసారి 'పార్డన్' అంటే మళ్ళీ చెప్పేవాళ్ళు, రెండోసారి అంటే నిదానంగా చెప్పేవాళ్ళు, మూడోసారికి జాలిగా చూసేవాళ్ళు. అందుకని మూడోసారి అడగటం మానేశాడు. అందరూ నవ్వితే తనూ నవ్వేవాడు. ఆ ఉద్యోగం పోయి ఈ హాల్లోకి వచ్చి పడ్డాక అతనికి లోలోపల హాయిగానే ఉంది. ఇక్కడ ఎవరికీ ఎవరి మాటా వినపడదు కాబట్టి, వినపడకపోవడం తన ఒక్కడి తప్పు కాకుండా పోయింది.

షిఫ్టు అయ్యాక బయటికి వస్తే జూన్ ఎండ ఇంకా తగ్గలేదు. పార్కింగ్‌లో అంత దూరాన ఉన్న తన పాత క్యామ్రీ దాకా నడవటానికి మధ్యలో ఒకసారి ఎవరి కారుకో చేరగిలబడాల్సి వచ్చింది. లోపల కూర్చోగానే ఫోన్ మోగింది. భార్య విజయశ్రీ.

"ఏమండీ, బయల్దేరారా? వచ్చేటప్పుడు కొత్తిమీర పట్టుకురండి."

"ఇవాళ వద్దులే. కాస్త పొట్ట బాలేదు. మజ్జిగ చేసి ఉంచు, వాము నలిపి వెయ్యి."

"నిన్న ఆ పకోడీలు వద్దంటే విన్నారా? సరే, తిన్నగా ఇంటికి రండి."

తాళం తిప్పాడు. పాట మొదలైంది.

ఈ కారు పక్క ఊరు లీస్‌బర్గ్‌లో ఒక ముసలావిడ దగ్గర కొన్నాడు. చనిపోయిన భర్త కారు అది. ప్లేయర్‌లో ఒక సీడీ ఇరుక్కుపోయిందనీ, ఎంత చేసినా బయటికి రాదనీ, ఆయన కూడా దాన్ని తీయాలని పెద్దగా ప్రయత్నించలేదనీ ఆవిడ చెప్పింది. పెద్ద బృందంలో పాడే ఒక గాయని, అందర్నీ వదిలి తనొక్కతే పాడిన ఆల్బమట. పేరు కూడా చెప్పింది. చక్రపాణికి అర్థం కాలేదు. మూడోసారి అడగలేదు.

మొదటి రోజు స్పీకర్ పాడైందనుకున్నాడు. గొంతు తప్ప వాయిద్యాలేవీ వినిపించడం లేదు మరి. రెండో రోజుకి తెలిసింది, ఆ పాటలకి వాయిద్యాలే లేవని. ఒక్క ఆడగొంతు. చరణానికీ చరణానికీ మధ్య ఆమె ఊపిరి తీసుకోవడం వినపడుతుంది. ఒకచోట గొంతు కాస్త జీరబోతుంది, దాన్ని దిద్దకుండా అలాగే వదిలేశారు. తొందరన్నది ఎక్కడా లేదు. ఆగాలనిపించిన చోట ఆగుతుంది, మళ్ళీ ఎత్తుకోవాలనిపించినప్పుడు ఎత్తుకుంటుంది.

చక్రపాణి ఒకప్పుడు పాటంటే చెవి కోసుకునేవాడు. కాలేజీలో బహుమతులు తెచ్చుకున్నాడు. ఇక్కడి తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో ఒకసారి ఎవరో బలవంతపెడితే స్టేజి ఎక్కాడు. వెనక వాయిద్యాల కరోకె ట్రాక్ వేశారు. పల్లవి దగ్గర ఊపిరి కోసం అతను ఒక్క క్షణం ఆగాడు, ట్రాక్ ఆగలేదు. అది ముందు పరిగెత్తింది, ఇతను వెనక పరిగెత్తాడు. చరణంలో ఉండగానే అది పాట ముగించేసింది. జనం చప్పట్లు కొట్టారు, కొందరు నవ్వారు. ఆ తర్వాత స్నానాల గదిలో కూడా పాడలేదు. ఈ ఆడమనిషిని తరిమేవాళ్ళు ఎవరూ లేరని తెలిసిన రోజు, సిగ్నల్ దగ్గర పచ్చదీపం వెలిగినా కదలకుండా కూర్చుని, వెనకవాళ్ళ చేత హారన్లు కొట్టించుకున్నాడు.

పైగా ఆ భాష. ఒక్క ముక్క అర్థం కాదు. అర్థం కావాలని ఎవరూ అడగరు కూడా. ఇన్నేళ్ళలో అర్థం చేసుకోకపోయినా తప్పు కాని మాటలు అతను విన్నది ఆ కార్లోనే. అవి వింటుంటే అతనికి ఏడుపొచ్చేది, ఏడ్చేవాడు కూడా, ఆ తర్వాత మొహం తుడుచుకుని ఇంట్లోకి వెళ్ళేవాడు.

కూతురు మైత్రి ఒకసారి కార్లో విని చెప్పింది. "నాన్నా, దిస్ ఈజ్ సెల్టిక్ ఫోక్. స్కాట్లాండ్ ఐలాండ్స్ వాళ్ళది. ఫోన్‌కి వినిపిస్తే సింగర్ నేమ్ వస్తుంది, చూడనా?"

"వద్దులేమ్మా. పేరు తెలిస్తే నేనేం చేస్తాను?"

ఊరుకోకుండా ఆఖరి పాట గురించి మటుకు వెతికి పట్టింది. "అది బోట్ మునిగి చనిపోయినవాళ్ళ సాంగ్. వైఫ్ పాడుతుంది. అందరి బోట్స్ వచ్చాయి, నీది రాలేదు అని." విజయశ్రీ ఆ మాట విన్నది. ఇంటి ముందు సాయంత్రం పూట అలాంటి పాటేమిటని నెత్తి కొట్టుకుంది. చచ్చిపోయినవాడి కారు, చచ్చిపోయినవాళ్ళ పాట. అప్పట్నుంచి కారు చప్పుడు వినపడగానే వంటింటి కిటికీ మూసేస్తుంది.

ఎందుకంటే చక్రపాణి ఆ పాట వినేది ఇంటి ముందే. పొద్దున వెళ్ళేటప్పుడు సగం ఆల్బం, సాయంత్రం వచ్చేటప్పుడు మిగతా సగం. ఇల్లు వచ్చేసరికి ఆఖరి పాట ఇంకా మిగిలుంటుంది. అది అయ్యేదాకా ఇంజన్ ఆపి, పాట ఆగకుండా తాళం మాత్రం ఉంచి, కార్లోనే కూర్చుంటాడు. అవగానే తాళం తీసేస్తాడు, మొదటి పాట మళ్ళీ మొదలవనివ్వడు. అది పొద్దుటి పాట. ఈ పిచ్చి ఇంట్లో అందరికీ అలవాటే. మొదట్లో పిలిచేవాళ్ళు, తర్వాత పిలవడం మానేశారు.

రోడ్డుమీద అర్జెంట్ కేర్ బోర్డు కనిపించింది. ఎడమ వైపు తిరగాలి. స్టీరింగ్ పట్టుకున్న ఎడమ చెయ్యి మొద్దుబారిపోయింది, నొప్పి దవడలో స్థిరపడింది. వెంకటస్వామికి మాటిచ్చాడు. ఇండికేటర్ కూడా వేశాడు. లోపల ఏం జరుగుతుందో అతనికి తెలుసు. గాజు పలక వెనకనుంచి ఒక అమ్మాయి గబగబా మాట్లాడుతుంది. ఒకటి నుంచి పది లోపు నొప్పి ఎంత అని అడుగుతుంది. పార్డన్ అనాలి. కార్లో గాయని ఒక చరణం ముగించి ఊపిరి తీసుకుంది. ఈ పాట అవనీ, కాస్త మజ్జిగ తాగి, విజయశ్రీని వెంటబెట్టుకుని వద్దాం అనుకున్నాడు. ఇండికేటర్ ఆపేశాడు.

భయం వెయ్యలేదని కాదు. వేసింది. పాదం బ్రేక్ దగ్గరే ఉంచుకుని, తోవంతా అతి నెమ్మదిగా నడిపాడు.

ఇంటి ముందు ఆగి ఇంజన్ ఆపేసరికి ఆఖరి పాట మొదలైంది. వంటింటి కిటికీ మూసుకోవడం కనిపించింది. పిలుద్దామనుకున్నాడు. ఫోన్ జాకెట్ ఎడమ జేబులో ఉంది, చెయ్యి అక్కడిదాకా రాలేదు. హారన్ కొడదామనుకుని కుడిచెయ్యి ఎత్తాడు. గొంతు అప్పుడే సన్నగా పైకి లేస్తోంది. చెయ్యి స్టీరింగ్ మీద వాలి అక్కడే ఉండిపోయింది. ఆమె పాడింది. ఆగింది. ఊపిరి తీసుకుంది. అతనూ తీసుకున్నాడు. ఆమె మళ్ళీ పాడింది, మళ్ళీ ఆగింది, మళ్ళీ తీసుకుంది.

లోపల విజయశ్రీ గాజుగ్లాసులో మజ్జిగ పోసి, వాము నలిపి వేసి, ఒక కరివేపాకు రెబ్బ తుంచి పైన వేసింది. కిటికీలోంచి చూస్తే భర్త తల సీటుకి ఆనించి, కళ్ళు మూసుకుని, రోజూలాగే ఉన్నాడు. సరే, అయ్యాకే వస్తాడని పప్పులోకి పోపు పెట్టడానికి మూకుడు పొయ్యిమీద పెట్టింది. ఎండుమిరపకాయలు మాడి పొగ లేచింది. ఇంకో నిమిషం ఊరుకుంటే స్మోక్ అలారం ఇల్లు ఎగరగొట్టేస్తుందని గబగబా కిటికీ తెరిచింది.

పాట వినపడింది. హుషారైన పాట, మధ్యమధ్య కాలితో నేలమీద తాళం వేస్తున్న చప్పుడు. పొద్దున అతను బయల్దేరేటప్పుడు వినపడే పాట. విజయశ్రీ పొయ్యి కట్టేసింది.

"మైత్రీ!" అని అరిచింది. "మీ నాన్న ఇంకా కార్లోనే ఉన్నారే! పాట మళ్ళీ మొదలైందే!"

పై గదిలోంచి మైత్రి ఆన్‌లైన్ మీటింగ్ వదిలేసి మెట్లు దిగి పరిగెత్తుకొచ్చేసరికి తల్లి ముందే బయటికి వెళ్ళిపోయింది. చేతిలో మజ్జిగ గ్లాసు ఎందుకు పట్టుకొచ్చిందో విజయశ్రీకే తెలియదు. కారు తలుపు తీయడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చి గ్లాసుని పక్కనున్న గట్టుమీద పెట్టింది. "ఏమండీ," అంది. భుజం పట్టుకుని కుదిపింది. "ఏమండీ, మజ్జిగ తెచ్చాను."

అంబులెన్స్ వచ్చింది. వాళ్ళు అతన్ని కిందికి దించి చెయ్యాల్సిందంతా చేశారు. ఒకతను మైత్రిని ఏవో అడిగాడు, మైత్రి అన్నిటికీ గబగబా సమాధానాలు చెప్పింది. పాట ఇంకా వస్తూనే ఉంది. ఎవరో చెయ్యి లోపలికి పెట్టి తాళం తీసేశారు. తల్లీ కూతుళ్ళిద్దరూ అంబులెన్స్ వెనకాలే వెళ్ళిపోయారు, ఇంటి తలుపు తెరిచే ఉంది, ఎదురింటివాళ్ళు కాసేపు నిలబడి లోపలికి వెళ్ళారు.

గట్టుమీద గ్లాసులో మజ్జిగ విరిగి, నీళ్ళు పైకి తేలి, వాము అడుక్కి దిగింది. కరివేపాకు రెబ్బ గాజుకి అంటుకుని ఉంది.