భారం దేవుడి మీద వేశాక

మా అత్తగారు నాకు కాఫీ కలిపి ఇచ్చిన రోజే నాకు అనుమానం మొదలైంది. పద్నాలుగేళ్ల కాపురంలో పొద్దున్నే ఎవరో కలిపిన కప్పు నా చేతికి రావడం అదే మొదటిసారి. ఇచ్చి, నా మొహం చూడకుండా గబగబా వెళ్లిపోయింది. అదే వారం మా ఆయన తిన్న కంచం తనే కడుక్కున్నాడు. రెండు నిమిషాల్లో దండం ముగించే మనిషి అరగంట కళ్లు మూసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు.

అంతకు కొన్నాళ్ల ముందే, స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. ఆస్పత్రిలో సూదితో ముక్క తీసి, పది రోజుల్లో ఫోన్ చేస్తామన్నారు. ఫారం నింపింది మా ఆయన. తన నంబరే రాశాడు. ఇంట్లో ప్రతి కాగితం మీదా ఉండేది ఆ నంబరే కాబట్టి నాకప్పుడు వింతగా అనిపించలేదు.

పదిహేనో రోజు మా ఆయన్ని అడిగాను, ఫోనేమైనా వచ్చిందా అని.

"వస్తే నీకు చెప్పనా? దేవుడి మీద భారం వేసి పని చూసుకో."

"వాడు నీకోసం అంతసేపు దండం పెట్టుకుంటుంటే నీకీ అనుమానాలేంటే?" అంది అత్తగారు.

నాకు నిజంగానే సిగ్గేసింది. దేవుడి ముందు నిలబడ్డా నమ్మకం చాలనిదాన్నేమో అన్న బెరుకు. నేను పనిచేసే కుట్టుమిషన్ల షెడ్డులో ఆ రోజు రెండు కాలర్లు తిరగేసి కుట్టాను. "మనసెక్కడ పెట్టావమ్మా?" అన్నాడు సూపర్‌వైజరు. మనసెక్కడుందో నాకు బాగా తెలుసు, ఎడమ చంకకి నాలుగు వేళ్ల కింద. మళ్లీ మిషన్ తొక్కుతుంటే ఇంకో సంగతి గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట మా ఆయనకి గుండెల్లో మంట వచ్చింది. అది అజీర్తేనని తేలేదాకా మా ఇంట్లో ఎవరూ భారం దేవుడి మీద వెయ్యలేదు, అంబులెన్సు మీద వేశారు.

మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పకుండా ఆస్పత్రికి నడిచాను.

నర్సు కంప్యూటర్లో చూసి కనుబొమలు ముడిచింది. "రెండుసార్లు ఫోన్ చేశామమ్మా. మీవారే మాట్లాడారు. చెల్లెలు కాన్పుకొస్తోంది, ఇంట్లో చూసుకునే మనిషి లేదు, రెండు నెలలాగి తీసుకొస్తానన్నారు." గొంతు తగ్గించింది. "ఇది ఆగే జబ్బు కాదు. ఇప్పుడైతే గడ్డ వరకూ తీస్తే సరిపోవచ్చని డాక్టరుగారు రాశారు."

చూసుకునే ఆ మనిషిని నేనే.

వరండా బెంచీ మీద కూర్చున్నాను. ఇన్నాళ్లూ వాళ్లు చెప్పిన మాటలతోనే దేవుణ్ణి వేడుకున్నాను. ఆ రోజు మాత్రం నా మాటల్లో, "నాకు భయంగా ఉంది స్వామీ, పక్కన ఉండు" అన్నాను. భయం పోలేదు కానీ లేచి నిలబడగలిగాను. గురువారానికి ఆపరేషన్ రాయించుకుని, ఫారంలో పాత నంబరు కొట్టేసి నాది రాశాను.

సాయంత్రం ఇద్దరూ హాల్లోనే ఉన్నారు. తెలిసొచ్చిందంతా చెప్పాను. మా ఆయన మొహం పాలిపోయింది.

"నువ్వు హడలిపోతావనే చెప్పలేదు. రెండు నెలలు దేవుడు చూసుకోడా?"

"మీ చెల్లి కాన్పు కూడా దేవుడే చూసుకుంటాడని ఎందుకనుకోలేదు మీరు?"

అత్తగారు అందుకుంది. "ఎంత మాటలొచ్చాయే! నీకసలు దేవుడంటే నమ్మకముందా?"

బీరువాలోంచి నాలుగు చీరలు తీసి ఆస్పత్రికని సంచిలో సర్దుకుంటూ చెప్పాను.

"ఉందత్తయ్యా. నన్ను బతికించాలనే రెండుసార్లు ఫోన్ చేయించాడు. ఎత్తింది మీ అబ్బాయి."