చేవ పట్టని గంధం

శ్రీగంధం చెట్టును నీళ్లు తగ్గించి కాస్త ఎండగడితేనే లోపల చేవ పడుతుంది. ఆ చేవకే వాసన, ఆ వాసనకే ధర. పరిగి దగ్గర సేద్యం చేసే గంగాధరప్పకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే రకం కాదు. మల్బరీ తోటకు పెట్టినట్టే డ్రిప్పు పెట్టి, ఎరువు పోసి, భార్య సుంకమ్మతో కలిసి కన్నబిడ్డల కంటే గారాబంగా పెంచాడు. చెట్లు ఏపుగా లావెక్కాయి. హిందూపురం దాకా అందరూ వాటిని చూసి కుళ్లుకునేవారు.

అడవుల పరిశోధన చేసే అరుణ ఆ మధ్యాహ్నం బర్మాలాంటి పరికరంతో చెట్టు చెట్టునూ తొలిచి, లోపలి నుంచి సన్నటి పుల్ల లాగి చూసింది. అన్నీ తెల్లగా ఉన్నాయి, వాసనే లేదు. చేవ పట్టలేదని ఆ మొగుడూ పెళ్లాలకు చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. పోయేముందు చెబుదామనుకుంది.

అంతలో బైకు మీద ఇద్దరు దిగారు. ఒకడి చేతిలో రంపం, గళ్ల చొక్కావాడి చేతిలో మచ్చుకత్తి. పట్టపగలు, మొహాలకు గుడ్డ కూడా కట్టుకోలేదు వెధవలు.

"యా చెట్లలో చేవ ఉండాదో చూపించు మేడమ్. కోసుకుని పోతాం," అన్నాడు గళ్ల చొక్కావాడు.

"ఏ చెట్టులోనూ లేదు."

"మమ్మల్ని ఎర్రోళ్లను చేస్తాండావా?"

గంగాధరప్ప ఎగబడి వాడి చొక్కా పట్టుకున్నాడు. "నా చెట్ల మీద చెయ్యేస్తే నరుకుతా నాకొడకా!"

వాడు ఆ చేతినే మానుకు అదిమిపెట్టి మచ్చుకత్తి దించాడు. మూడు వేళ్లు తెగి డ్రిప్పు పైపు పక్కన పడ్డాయి.

"చెప్తావా, రెండో చెయ్యి కూడా తీసేదా?"

"చెప్పొద్దు మేడమ్!" గంగాధరప్ప గొంతు చించుకున్నాడు.

"లేదంటే లేదురా! చూసుకో!" అరుణ ఏడుస్తూ పుల్లలన్నీ వాడి మొహాన విసిరింది. వాడు ఒక్కొక్కటీ ఏరి, విరిచి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మొహం మాడిపోయింది. కాండ్రించి ఉమ్మాడు.

"గొడ్డు చెట్లురా. దండగకు వస్తిమి, పద," అని వెనక్కి తిరిగాడు.

అప్పటికే చెట్ల మధ్య వేసిన కంది సాళ్లలోంచి సుంకమ్మ పార పట్టుకుని వచ్చేసింది. వాడి నడినెత్తిన వేసింది. కిందపడ్డాక మళ్లీ వేసింది. "ఇంగోసారి వస్తావా నా చెట్లకు! వస్తావా!" ఎముక విరిగిన చప్పుడు వినబడినా ఆపలేదు. రెండోవాడు రంపం పారేసి బైకెక్కి పారిపోయాడు.

అరుణ చున్నీ చింపి గంగాధరప్ప చేతికి బిగించి అంబులెన్సుకు ఫోన్ చేసింది. గళ్ల చొక్కావాడు కదలడం లేదు. గంగాధరప్ప వణుకుతూనే నవ్వాడు.

"ఏం అబద్ధం ఆడితివి మేడమ్! వేళ్లు పోతే పోయినాయి, చెట్లు నిలబడినాయి. ఇప్పుడు నిజం చెప్పు. చేవ ఎంత ఉండాది?"

అరుణ తల దించుకుంది. "లేదు పెద్దాయనా. వాడికి చెప్పింది నిజమే. నీళ్లు ఎక్కువయ్యాయి."

సుంకమ్మ చేతిలోని పార జారిపోయింది. ఆమె శవం పక్కన కూలబడింది.

"నీ మాట నమ్మి పోతాండెనే మేడమ్," అంది. "వాడు పోతానే ఉండెనే."